ఆంజనప్ప పాఠం అయ్యేదాకా లైటు వెలగదు

మా వల్లూరులో ఎలక్ట్రీషియన్ ఆంజనప్పకు ఒకే ఒక్క జబ్బు. కరెంటు సిద్ధాంతం ఇంటివాళ్లకు అర్థమయ్యేదాకా ఆయన స్క్రూడ్రైవర్ జేబులోంచి తియ్యడు. బల్బు మార్చాలన్నా అంతే, ఇల్లంతా వైరింగ్ చెయ్యాలన్నా అంతే. మీ ఇంట్లో ఫ్యాను ఎంతసేపట్లో తిరుగుతుందనేది ఫ్యాను మీద ఆధారపడదు, మీ బుర్ర మీద ఆధారపడుతుంది.

నా పేరు గంగాదేవి. సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే అరవై మందికి మధ్యాహ్నం భోజనం, అంటే రాగిముద్దలూ వాటిలోకి సారు అనే పులుసూ, నేనే వండి పంపుతాను. నాకు కోపం ఎక్కువని ఊళ్లో చెప్పుకుంటారు. ఆంజనప్పతో పన్నెండేళ్ల పరిచయం ఉండి కూడా కోపం రాని మనిషి ఎవరైనా ఉంటే చూపించండి, దండం పెడతాను.

ఆయన పుట్టుకతో ఇలా లేడు. ఒకప్పుడు బోరు మోటార్లు బాగుచేసేవాడు. బోర్లు ఎండిపోయి పని తగ్గాక, పావగడ బస్టాండు పక్కన తూకానికి అమ్మే పాత పుస్తకాల్లోంచి ఇటుకంత లావున్న కరెంటు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. అది తలకెక్కడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్ల కసి ఊరి మీద తీర్చుకుంటున్నాడని చాలాకాలం నా అభిప్రాయం.

ఒకసారి మా వీధి మారక్క ఇంట్లో ట్యూబ్‌లైటు వెలగలేదు. ఆంజనప్ప వెళ్లి స్టూలు ఎక్కకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మారక్కా, ఓల్టేజి అంటే ఏమనుకుంటివి? మిద్దె మీద ట్యాంకు ఉండాది. అది ఎంత ఎత్తుంటే కుళాయిలో నీళ్లు అంత జోరుగా వస్తాయి. ఆ జోరే ఓల్టేజి."

"ట్యాంకులో నీళ్లు యాడుండాయప్పా? కుళాయి వచ్చి పది దినాలాయ."

"ఉండాయనుకోక్కా."

"ఎట్లనుకునేది? నువ్వు ట్యాంకరు పిలిపియ్యి, అప్పుడు అనుకుంటా."

ఆంజనప్ప అర్ధగంట ఆలోచించి ట్యాంకరు వాడికి ఫోన్ చేశాడు. ఆ రోజు మారక్క ఇంటికి నీళ్లు వచ్చాయి. లైటు మర్నాడు వెలిగింది.

దాసప్ప మామది ఇంకో రకం. వేరుశనగ పండించే నాలుగెకరాలు సోలార్ పార్కుకు లీజుకిచ్చినప్పటి నుంచీ, తన ఇంట్లో వెలిగే కరెంటు తన చేనిదేనని ఆయన నమ్మకం. లైటు కాస్త మినుకుమంటే చాలు, పార్కు గేటు దగ్గరికి పోయి సెక్యూరిటీ వాళ్లను నిలదీస్తాడు. "మా చేన్లో పలకలు కడిగినారా లేదా? ఈడ నా ఫ్యాను తిరగడంల్యా."

ఆంజనప్ప మూడు సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుని నచ్చజెప్పాడు. "మామా, నీ చేన్లో పుట్టిన కరెంటు పెద్ద లైన్లోకి పోతాది. ఆడ అందరిదీ కలిసిపోతాది. నీది యాది, పరాయిది యాది అని గుర్తుపట్టేకి కాదు."

"మండీలో వందమంది శెనక్కాయలు కలిపి పోసినా నా కాయ నేను గుర్తుపడ్తాంటిని. కరెంటు గుర్తుపట్టలేనా?"

దీనికి ఆ ఇటుకంత పుస్తకంలోనూ జవాబు లేదు. ఆంజనప్ప స్క్రూడ్రైవర్ తీసి దాసప్ప మామ ఫ్యాను బాగుచేసేశాడు. పాఠం తలకెక్కకుండానే పని చేయించుకున్న మనిషి మా ఊళ్లో దాసప్ప మామ ఒక్కడే.

మా ఇంటి వైరింగ్‌కు నెల పట్టింది. ఇరవై రోజులు పాఠం, పది రోజులు పని. వంటింటి గోడ మీద బొగ్గుతో సర్క్యూట్ బొమ్మ గీసి, దాని మీద సున్నం వెయ్యనివ్వలేదు. మా అత్త అదేదో యంత్రమనుకుని నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి ఊదుబత్తి వెలిగించింది. ఆంజనప్ప చూసి నొచ్చుకోలేదు. "అవ్వా, న్యూట్రల్‌కి బొట్టు పెట్టేది మరిస్తివి" అన్నాడు.

ఈ ఊళ్లో ట్యాంకు పాఠం చెల్లదని తెలిశాక ఆయన గొర్రెలకు మారాడు.

"గంగక్కా, కరెంటంటే గొర్రెల మంద అనుకో. ఒక తీగలో పోతాది, మేత మేసి ఇంకో తీగలో తిరిగొస్తాది. ఈ ట్రిప్ స్విచ్ ఉండాదే, ఇది దొడ్డి కాడ కూసున్న కాపరి. పోయినవెన్ని, వచ్చినవెన్ని అని చూస్తాడు. ఒక్కటి తక్కువైతే వాకిలి మూసేస్తాడు."

"తప్పిపోయింది యాడికి పోయింటాది?"

"ఎర్తు తీగ పట్టుకొని భూమిలోకి. ఆ తీగ లేకుంటే నీ ఒంట్లో దూరి పోతాది. అందుకే నీ ఇంట్లో అన్నిటికీ మూడు కాళ్ల ప్లగ్గులు పెట్టినా."

నాకు అర్థమైంది. అర్థమైందని మాత్రం ఆయనకు చెప్పలేదు. చెబితే రెండో అధ్యాయం మొదలుపెడతాడు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఆ గొర్రెలు నా వంటకు అడ్డం పడకపోతే. నిరుడు ఎండాకాలంలో ఒకరోజు గ్రైండర్ తిరుగుతుండగా ఫ్యూజు పోయింది. పిలిస్తే ఆంజనప్ప ఐదు నిమిషాల్లో వచ్చాడు, కాదనను. వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఫ్యూజు ఎందుకు పోయిందో చెప్పక్కా."

"నువ్వే చెప్పన్నా, నాకు ఈడ సారు మాడిపోతాంది."

"సారు గ్యాసు మీద ఉండాది. దానికీ దీనికీ సమ్మంధంల్యా. ఆలోచించి చెప్పు."

ఆ రోజు భోజనం రెండున్నరకు పోయింది. మళ్లీ పది రోజులకు మోటారు స్విచ్ కాలిపోయి మూడింటికి పోయింది. పొద్దున ఆరింటి నుంచి ఎండలో ప్యానెళ్లు కడిగిన మనుషులు ఖాళీ పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. సూపర్‌వైజర్ మధుకుమార్ తుమకూరు వైపు మనిషి, గొంతు పెంచడు. మా వాకిట్లో నిలబడి నెమ్మదిగానే చెప్పాడు.

"చూడమ్మా, మావాళ్ల ఊట, అదే భోజనం, రెండుసార్లు లేటయింది. కరెంటు పోయినప్పుడల్లా నువ్వు ఆ పాఠాల మేష్ట్రు కోసం కూర్చుంటే మాకు కాదు. సోమవారం నేనే వచ్చి చూస్తాను. మళ్లీ లేటయితే పావగడ హోటల్ నుంచి తెప్పించుకుంటాం."

ఆ వంట పోతే నాకూ, నాతో కూరలు తరిగే ముగ్గురు ఆడవాళ్లకూ వేరే పని లేదు. నేను తిన్నగా ఆంజనప్ప ఇంటికి పోయి, ఊరంతా వినేలా కడిగేశాను. "సోమవారం నా గడపలో కాలు పెడితే అట్లకాడతో కొడ్తా."

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అట్లకాడ ఇనుపదా, కొయ్యదా?"

"ఏందికి?"

"ఇనుపదైతే నేను కరెంటు పని చేసేటప్పుడు మాత్రం కొట్టాకు."

సోమవారం పదకొండింటికి మధుకుమార్ వచ్చి హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వంటింట్లో గ్రైండర్ మసాలా రుబ్బుతోంది, పెరట్లో మోటారు నీళ్లు ఎక్కిస్తోంది. ఠక్కుమని అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. మధుకుమార్ గడియారం చూసుకున్నాడు.

నేను అట్లకాడ సంగతి మరిచిపోయి ఆంజనప్పకు ఫోన్ చేశాను. "ఆంజనన్నా, అన్నవన్నీ వెనక్కి తీసుకుంటా, బిరీన రా."

"మడకశిరలో ఉండానక్కా. బస్సు ఒంటిగంటకు." ఎందుకో గుసగుసగా మాట్లాడాడు.

"మరి నేనేం చేసేది?"

"గొర్రె యాడ తప్పిపోయిందో చూడు." ఫోన్ పెట్టేశాడు.

ముందు మనసులో ఆయన్ని నాలుగు తిట్లు తిట్టి, తర్వాత వంటింటి గోడ మీది బోర్డు ముందు నిలబడ్డాను. ట్రిప్ స్విచ్ కిందికి పడి ఉంది. అంటే కాపరి వాకిలి మూశాడు. కింద ఉన్న మూడు చిన్న స్విచ్‌లూ ఆపి, ట్రిప్ స్విచ్ పైకి ఎత్తాను. నిలిచింది. మోటారుది వేశాను. నిలిచింది, నీళ్ల చప్పుడు మొదలైంది. వంటింటిది వేశాను. నిలిచింది, గ్రైండర్ తిరిగింది. ఇంతసేపూ నేను అనుమానించింది ఆ గ్రైండర్‌నే, పాపం. హాలుది వేశాను. ఠక్. మళ్లీ అన్నీ పడుకున్నాయి.

హాల్లోకి పోయి చూద్దును కదా, మంచం కింద నేను ఎప్పుడో తోసేసిన టేబుల్ ఫ్యాను మధుకుమార్ ముందు నిలబడి ఉంది.

"సార్, ఈ ఫ్యాను మీరు పెట్టుకున్నారా?"

"ఉక్కగా ఉంటే పెట్టుకున్నాను. ఎందుకమ్మా?"

"తప్పిపోయిన గొర్రె మీ కాళ్ల కాడ ఉండాది సార్."

ఆయన కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకుని కిందికి వంగి చూశాడు. నేను ప్లగ్గు పీకాను. ఫ్యాను అడుగున ఎలుక కొరికిన తీగ ఇనుప దిమ్మెకు ఆనుకుని ఉంది. వంటింట్లోకి వచ్చి స్విచ్‌లన్నీ వేస్తే అన్నీ నిలిచాయి. ఆయనకు ఉక్కపోయకుండా విసురుకోవడానికి ఒక చాట ఇచ్చాను. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది.

పన్నెండున్నరకల్లా ముద్దలూ సారూ బండి ఎక్కాయి. మధుకుమార్ చాట తిరిగి ఇస్తూ అడిగాడు. "మీ మేష్ట్రు రాలేదే?"

"ఆయనెందుకు సార్?"

ఆయన నవ్వాడు. "అయితే ఈ ఏడంతా నువ్వే వండమ్మా" అని బండి వెనకే పోయాడు.

నేను గంజి పారబొయ్యడానికి పెరట్లోకి పోయాను. వంటింటి కిటికీ కింద, మీటరు పెట్టె పక్కన, మండే ఎండలో ఆంజనప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. కుడిచెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది. ఇంకొంచెంలో గంజి ఆయన నెత్తిన పోసేదాన్ని.

"మడకశిరలో ఉండానంటివి?"

"మెల్లగా మాట్లాడక్కా. ఆ సారు పోయినాడా?"

"పోయినాడు. ఎప్పట్నుంచి ఉండావు ఈడ?"

"పదింటి నుంచి. నువ్వు తప్పు తీగ ముట్టబోతే మెయిన్ ఆపేద్దామని కిటికీలోంచి చూస్తాంటి." చెయ్యి స్విచ్ మీది నుంచి తీశాడు. పట్టుకుని పట్టుకుని వేళ్లు వెంటనే తెరుచుకోలేదు.

"ఇంత పక్కనుండి, పిలిస్తే రాకపోతివే?"

"నేను వచ్చింటే ఆ సారు నన్ను చూసి నీ వంట తీసేసేటోడు. నువ్వే చేసేది ఆయప్ప కండ్లారా చూడాల కదక్కా."

మారక్క ఇప్పుడు ట్యూబ్‌లైటు తానే మార్చుకుంటోంది. సగం ఊరు ఫ్యూజులు తామే వేసుకుంటోంది. ఆయనకు ఫోన్లు తగ్గిపోయాయి, ఆ సంగతి చెప్పి సంతోషపడేవాడే తప్ప ఒక్కరోజూ దిగులుపడలేదు. దాన్ని నేను పిచ్చి అనుకున్నాను. ఈ మనిషి మీద నాకు ఎంత ప్రేమ ఉందో ఆ ఎండలో నిలబడితే తెలిసింది. కోపం అలవాటు కాబట్టి తిట్టుకుంటూనే లోపలికి తీసుకుపోయి, పీట వేసి, ముద్ద మీద ముద్ద వడ్డించాను.

ఆయన తలవంచుకుని తిన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. నన్ను చాలా విసిగించానని ఆయనకు తోచినట్టుంది, గోడ మీది బొమ్మ వైపు చూడను కూడా చూడలేదు. అట్లా కూర్చున్న ఆంజనప్పను నేను చూడలేకపోయాను. అంట్ల గిన్నెలు పక్కకు నెట్టి ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకున్నాను.

"అన్నా, ఆ ఎలుక తీగ కొరికింది కదా, దానికి షాక్ ఎందుకు కొట్టలేదు?"

ఆంజనప్ప నోటి దాకా వచ్చిన ముద్ద పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కొచ్చి, చెవి మీది పెన్సిలు తీశాడు.