చర్చి మెట్ల మీద పెట్టిన ఎర్రచుక్కలు

ప్రేమకుమారి జమ్మలమడుగులో నర్సు పని నేర్చుకుని, పులివెందుల దోవలో ఉండే ఆ ఊరికి ఏఎన్ఎంగా వచ్చి పంతొమ్మిదేళ్లు. పైవీధి ఒక పార్టీ, కిందవీధి ఇంకో పార్టీ. పైవీధి మంగలి కిందవీధికి పోడు, కిందవీధి పాలు పైవీధికి రావు. ఎన్నికలొస్తే గోడల మీది రంగులు మారతాయి గానీ ఆ గీత మారదు. రెండు వైపులా అడక్కుండా వాకిలి తెరుచుకునేది ఈమెకొక్కదానికే. నాటుబాంబుకు వేళ్లు పోయినవాని కట్టుకైనా, దాన్ని విసిరినవాని పెండ్లాం కాన్పుకైనా ఆమే దిక్కు. ఏ ఇంట్లో ఎవరు దాక్కున్నారో ఆమెకు తెలుసు, చెప్పదు. మందులకన్నా ఆ మూసిన నోటికే ఊరు ఆమెను ఉంచుకుంది.

అట్లాంటి మనిషి చేతికి ఆఫీసు ట్యాబు ఇచ్చింది. రోగమొచ్చిన ఇంటి గడపలో నిలబడి పేరు కొట్టి, ఫొటో తీసి నొక్కితే, ఆ ఇల్లు యాడుందో అదే పసిగట్టి పై ఆఫీసు పటం మీద ఎర్రచుక్క పెడుతుంది. చల్లటి గదిలో ఎవరో ఆలోచించిన మంచి పనే. ఫ్యాక్షన్ ఊర్లో గడపలో ఫొటో అంటే ఏమిటో మాత్రం వాళ్లు ఎవరినీ అడగలేదు.

ఎండాకాలంలో వాంతులూ బేదులూ రెండు వీధుల్నీ ఒకేసారి పట్టుకున్నాయి. పైవీధి వనజమ్మ కొడుకు మంచమెక్కాడు. బెయిలిస్తూ, ఊళ్లో కాలు పెట్టొద్దని కోర్టు చెప్పిన కొడుకు.

“నర్సమ్మా, వానికి సెలైన్ పెట్టు. ఆ పలకలో మా ఇల్లు మాత్రం ఎక్కించొద్దు. వాడు ఈడున్నాడని తెలిస్తే మళ్లా లోపలేస్తారు,” అంది వనజమ్మ.

కిందవీధిలోనూ అట్లాంటి కొడుకులే, అదే మాట. ప్రేమకుమారి అందరికీ మందిచ్చి, దాక్కున్నవాళ్ల పేర్లు మార్చి, ఆ ఇండ్లే వదిలితే అనుమానం వస్తుందని రోగమొచ్చిన పద్దెనిమిది మందినీ చర్చి మెట్ల మీద కూర్చుని ఎక్కించింది. చర్చి ఏ పార్టీదీ కాదు గదా అనుకుంది.

మర్నాడు ఆమె జమ్మలమడుగు మీటింగుకు పోయినప్పుడు పై ఆఫీసు జీపొచ్చింది. చుక్కలన్నీ చర్చి చుట్టూ ఉన్న ఎస్సీ కాలనీలో ఉన్నాయి. అక్కడ ఒక్కరికీ రోగం లేదు. వాళ్లు తాగేది వాళ్ల బోరు నీళ్లు. ఆ మాటే చెప్పబోతే, “పటం కంటే మీకెక్కువ తెలుసా?” అన్నారు అధికారులు. బోరు పిడి ఊడబీకి, ఊరి కొళాయి నీళ్లు తాగమని చెప్పిపోయారు. కాలనీ మురికే కారణమని రెండు పార్టీలవాళ్లూ ఎవరి టీ అంగడి కాడ వాళ్లు నవ్వుకున్నారు. మూడోరోజుకు కాలనీలో ఐదుగురు పడ్డారు. వాళ్లలో ముసలి చెన్నయ్య మనవరాలి కండ్లు గుంటల్లోకి పోయాయి.

“బాగుండే నీళ్లు మూపిచ్చినావు పాపా,” అన్నాడు చెన్నయ్య ప్రేమకుమారితో. గొంతు కూడా పెంచలేదు. “వాళ్ల కొడుకులకు బెయిలుంది. మాకేముంది?”

ఆ పిల్లను ఆటోలో ఆసుపత్రికి పంపి, ప్రేమకుమారి నేరుగా వనజమ్మ ఇంటికి పోయింది.

“పది గంటలకు నీ గడపలో నిలబడి నొక్కుతాండా. అంతలోపల కొడుకును యాడికి తీసుకపోతావో తీసుకపో.”

“ఇన్నేండ్లు మా ఇంటి మనిషి మాదిరి తిరిగితివి గదే.”

“మీ ఇంట్లో నాకు నీళ్లు పోసేది వేరే గ్లాసుతో. అది వసారా గూట్లోనే ఉంటాది. ఏ ఇంటి మనిషినమ్మా నేను?”

“మావోళ్లకు తెలిస్తే నువ్వు ఈ ఊర్లో ఉండవు.”

“ఉండనులే. బోరు ఉంటాది.”

పదికి మొదలుపెట్టి రెండు వీధుల్లో గడపగడపకూ తిరిగి నొక్కింది. చుక్కలు ఊరి కొళాయి పైపు వెంబడి వరసగా నిలబడ్డాయి. రెండు వీధులు కలిసేచోట, మురుగుకాలవలో పైపు పగిలి రెండేళ్లు. ఒక పార్టీ కాంట్రాక్టరును ఇంకో పార్టీ గడ్డపార వేయనిస్తే గదా. ఈసారి అధికారులు నిలబడి తవ్వించి అతుకేయిస్తే గంటలో అయిపోయింది. బోరు పిడి మళ్లీ బిగించారు. చెన్నయ్య మనవరాలు ఐదోరోజు నడిచి ఇల్లు చేరింది.

తప్పుడు వివరాలు ఎక్కించినందుకు ప్రేమకుమారిని వీరపునాయునిపల్లె వైపు మార్చారు. ఫిర్యాదు మీద రెండు పార్టీల పెద్దల సంతకాలు పక్కపక్కనే ఉన్నాయి. మనుషుల్ని అడక్కుండా బోరు మూసినవాళ్లకు మెమో కూడా రాలేదు.

బస్సు దాకా చెన్నయ్య ఆమె సంచి మోసుకొచ్చాడు.

“ఆడ గూడా ఆ పలకే ఇస్తారా పాపా?”

“ఇస్తారు చిన్నాయనా. ఎవని గడపైనా సరే, ఇంక ఆ గడపలోనే నొక్కుతా.”