కాగితం ఓళిగ

తమ్ముడు నారాయణకు,

నా కోడిగీతల రాతను, తప్పులను మన్నించి చదువుకో. ఊరి బడి చదువు ఇంతే గదా. ఈ రోజు జరిగింది నీకు చెప్పాలనిపించి సాయంత్రమే ఈ కార్డు రాస్తున్నాను.

మధ్యాహ్నం కోడలు ఓళిగలు చేసింది. చక్కెర జబ్బని డాక్టరు మీ వదినకు తీపి మాన్పించాడు. ఆమె ఎదుట తినడానికి నాకు మనసు రాలేదు. ఒక ఓళిగ తీసుకుని మగ్గం గుంతలోకి దిగి, నేస్తున్న చీర చాటున కూర్చున్నాను.

అంతలో మనవరాలు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, నీళ్ల రంగులు పూసి, పెనం మీద మాడిన మచ్చలు కూడా దిద్ది, పళ్లెంలో పెట్టి తెచ్చింది.

“అవ్వా, ఇదో నీ ఓళిగ. దీనికి డాక్టరు ఏమీ అనడు.”

మీ వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “బాగుండాది గానీ, నెయ్యి యాడే పాపా?”

పాప పరుగున పోయి పసుపు రంగు పూసుకొచ్చింది. అప్పుడు మీ వదిన మగ్గం వైపు తిరిగింది.

“ఏమయ్యా, గుంతలో కూర్చొని తింటే నెయ్యి వాసన రాదనుకొంటివా? పైకి రా. నీది నువ్వు తిను, నాది నేను చూసుకుంటా.”

సిగ్గుపడుతూ ఎక్కివచ్చి ఆమె పక్కనే కూర్చొని తిన్నాను. నాది అయిపోయింది. ఆమె తనదాన్ని, నెయ్యి ఆరాలని గూట్లో పెట్టుకుంది.

ఇకమీదట నేనూ తీపి మానాలా, ఆమె చెప్పినట్టు ఎదుటే తినాలా? నాకు తోచడం లేదు. నువ్వైతే ఏం చేస్తావో త్వరగా రాయి.