తుపాకీ తీసేస్తే తూలే మనిషి

2022లో నేను టెక్సాస్‌లోని ప్లేనో ఊళ్లో ఒక ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుని. పొద్దుటిపూట పెద్ద అద్దాల్లోంచి ఎండ పడి నేలంతా తేనెరంగులో ఉండేది. ఆ వెలుగులో పేషెంట్లు మెల్లగా అడుగులు వేస్తుంటే నీళ్లలో నడుస్తున్నట్టు అనిపించేది. నాకు ముఖాలకన్నా నడకలే ఎక్కువ గుర్తుంటాయి.

వాల్టర్ గారికి డెబ్బై దాటాయి, ఒంటరిగా ఉంటారు. ఇంట్లో రెండుసార్లు పడ్డారు. మళ్లీ పడితే ఇల్లు అమ్మించి సీనియర్ హోమ్‌లో చేర్పిస్తానని కూతురు చెప్పేసింది.

"నన్ను నా ఇంట్లో ఉండనిస్తే చాలు. ఇంకేమీ అడగను," అన్నారు మొదటి రోజే.

గెయిట్ అంటే నడక తీరు. ఆయన గెయిట్‌లో కుడిచేయి ఊగేది కాదు. మోచేయి బయటికి వంగి, ఒంటికి దూరంగా గాలిలో తేలుతున్నట్టు ఉండేది. మలుపు తిరిగితే ఎడమకి తూలేవారు. మోకాళ్లు చూశాను, వెన్ను చూశాను, బూట్లు మార్పించాను. చేతుల ఊపు తగ్గించే పార్కిన్సన్స్ జబ్బేమోనని న్యూరాలజిస్టు దగ్గరికి పంపితే కాదన్నారు. చివరికి నాకు కలలోకి కూడా ఆ చేయే వచ్చేది.

ఒక శనివారం మా ఆయన రవితో కలిసి ఇండియన్ స్టోర్‌కి వెళ్లాను. పక్కనున్న హార్డ్‌వేర్ షాపులోంచి వాల్టర్ గారు బయటికి వస్తున్నారు. కుడి నడుము మీద హోల్‌స్టర్, అందులో తుపాకీ, అందరికీ కనిపించేలా.

"అటు చూడకు. ముందు కార్ ఎక్కు," అన్నాడు రవి గొంతు తగ్గించి.

"మా పేషెంటే."

"అయితే ఏంటి? టెక్సాస్‌లో గన్ లీగలే, నా భయం కూడా లీగలే."

నాకూ భయమేసింది. కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆయన నిటారుగా నడుస్తున్నారు. ఆ చేయి తుపాకీకి తగలకుండా పక్కనుంచి తప్పుకుపోతోంది. మా క్లినిక్ తలుపు మీద తుపాకులు తేవద్దన్న బోర్డు ఉంది కాబట్టి ఆయన బుద్ధిగా ట్రక్‌లో పెట్టి తాళం వేసి వచ్చేవారు. ఒళ్లు మాత్రం, కుడిపక్క బరువుకి సరిపడా ఎడమకి ఒరిగి, దాన్ని మోస్తూనే లోపలికి వచ్చేది. చంకలో పిల్లను పెట్టుకుని నేను ఊరంతా వెతికాను.

తర్వాతి సెషన్‌లో అడిగాను. "ఇంట్లో కూడా పెట్టుకుంటారా?"

"లేదు. రాగానే తీసి సేఫ్‌లో పెడతాను."

"మరి పడింది ఎప్పుడు?"

"తీశాకే. రెండుసార్లూ."

"ఎప్పటినుంచి ఈ అలవాటు?"

"నా భార్య రూత్ పోయినప్పటినుంచి. సాయంత్రాలు ఇద్దరం నడిచేవాళ్లం. ఈ కుడిపక్కన తనుండేది. ఆ పక్క ఖాళీ అయ్యాక గడప దాటాలంటే భయమేసింది."

నాకు ఏడుపొచ్చింది. అద్దం వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ రోజు నుంచి కర్రలు మొదలుపెట్టాం. రెండు పొడవాటి కర్రల ముందు కొసలు ఆయన చేతుల్లో, వెనక కొసలు నా చేతుల్లో. నేను నడుస్తుంటే నా చేతుల ఊపు ఆయన చేతులకి చేరేది. ఆ తేనెరంగు వెలుగులో ఇద్దరం అలా ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవాళ్లం.

"తోడుగా ఎవరో నడుస్తుంటే బాగుంది," అన్నారొకసారి, వెనక్కి తిరగకుండానే.

కుడిచేయి మెల్లగా ఊగడం నేర్చుకుంది. ఆయన మళ్లీ పడలేదు, ఇల్లు ఆయనకే మిగిలింది. తుపాకీ మానలేదు. నేను మానమని అనలేదు, అదంటే నాకు భయమూ పోలేదు.

ఒళ్లు, దించేసిన బరువును కూడా మోస్తుందని నాకు ఆయన దగ్గరే తెలిసింది. ఇప్పుడు కొత్త పేషెంట్ ఎవరొచ్చినా నొప్పి ఎక్కడని అడిగాక, ఏం మోస్తుంటారు, ఏ పక్కన అని కూడా అడుగుతాను. చిన్నప్పుడు ఎడమ చంకన ఎత్తుకు తిరిగిన మా అబ్బాయి నాకన్నా పొడుగయ్యాడు. అయినా స్టోర్‌లో క్యూలో నిలబడితే నా ఎడమ నడుము దానంతటదే పక్కకి జరిగి, వాడికి చోటిస్తుంది.