‘ఏ మస్తాన్?’ అని అడిగే గొంతు

షేక్ మస్తాన్ వలి గారు మొన్న మంగళవారం గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. పర్చూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చేత అర్జీ రాయించుకోని కుటుంబం అరుదు. ఆ దుర్వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యానని రాయడం మర్యాద. నేనలా రాయలేను. పదిరోజులుగా ఆ కబురు వస్తుందేమోనని భయపడుతూనే ఉన్నాను. ఎందుకో చెప్పకపోతే ఈ నివాళి అబద్ధమవుతుంది.

దశాబ్దాల పాటు మండలాఫీసు గోడ పక్కన, రేకుల కింద బల్ల వేసుకుని అర్జీలు రాసి బతికిన నిరాడంబరుడాయన. ఆయనకొక వ్రతముండేది. రాసిన ప్రతి కాగితాన్నీ బిగ్గరగా చదివి, రాయించుకున్నవాడు ‘అవును’ అన్నాకే వేలిముద్ర వేయించేవారు. అడుగున ‘చదివి వినిపించితిని’ అని రాసి తన సంతకం పెట్టేవారు.

దర్గాకు మొక్కుకుని హిందువులూ ముస్లిములూ కూడా బిడ్డలకు మస్తాన్ అని పేరు పెట్టుకునే ప్రాంతం మాది. అందుకే ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. “ఏ మస్తాన్? ఎవరి కొడుకువి? ఏ బజారు?” తానే ఒక మస్తాన్ అయ్యుండి అలా గద్దిస్తుంటే జనం పడీపడీ నవ్వేవారు.

నాకు దరఖాస్తు రాయడం నేర్పిన గురువు ఆయనే; బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఊళ్లో దరఖాస్తులు కంప్యూటర్లో పెట్టే ఆన్‌లైన్ కేంద్రం తెరిచి నన్ను ఆపరేటరుగా కూర్చోబెట్టినప్పుడు నెలల తరబడి పురుగు కూడా లోపలికి రాలేదు. అధికారులు బోర్డులు కట్టించారు, దండోరా వేయించారు. జనానికి చదువు లేదు, మిషనంటే భయమని తేల్చేశారు. ఆ మాట చెబితే బాబాయ్ కస్సుమన్నారు.

“మిషన్ని చూసి ఎవడూ భయపడట్లేదురా పిచ్చోడా! తప్పొస్తే ఎవడి గుమ్మం ముందు నిలబడి అరవాలో తెలీక భయపడుతున్నారు. నేను తప్పు రాస్తే నన్ను తిడతారు. దాన్ని ఎట్టా తిడతారు?”

మర్నాడు పొద్దున్నే తన బల్ల మోయించుకొచ్చి నా గది గుమ్మంలో వేసుకున్నారు. మొదట వచ్చింది ఒక మిర్చి రైతు. “మస్తానయ్యా, ముందు నువ్వు చదువు, ఆనక నొక్కమను” అన్నాడు. బాబాయ్ కంప్యూటర్ తెర మీదున్నది అక్షరమక్షరం చదివారు. రైతు అవునన్నాడు. నేను నొక్కాను. అట్లా ఒకరిని చూసి ఒకరు వచ్చారు, వరుస రోడ్డు దాకా పెరిగింది. ఆయన వృత్తి మాత్రం పూర్తిగా పడిపోయింది. అది తెలిసే బల్ల తెచ్చిన ఉదారుడాయన.

తర్వాత ఆయనకు గుండెజబ్బు వచ్చింది. ఆపరేషన్‌కు ప్రభుత్వ సాయం అందాలంటే ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆ రోజు కేంద్రం కిటకిటలాడుతోంది. ఆయన ఆయాసపడుతూ బెంచీ మీద కూర్చుని “చదవరా” అన్నారు.

“మీరెవరో నాకు తెలీదా బాబాయ్? మీకూ చదవాలా?” అన్నాను. తెర మీది పేర్ల జాబితాలో పైనున్న మస్తాన్ వలి మీద నొక్కేశాను.

పత్రం వచ్చేసరికి ఆయన గుంటూరులో మంచం మీద ఉన్నారు. కవర్లో పెట్టి, ఆయన భార్య, చదువురాని పిన్ని చేతికిచ్చాను. అప్పుడూ చదవలేదు. అది వేరే మస్తాన్ వలిది. ఆసుపత్రివాళ్లు తిప్పి పంపారు. పరుగెత్తుకెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూలబడి “తిట్టండి బాబాయ్” అని ఏడ్చాను.

“ఓపిక లేదురా. కొత్తది పెట్టు. ఈసారి చదువు” అన్నారు. నాతో ఆయన చివరి మాట అదే. కొత్త పత్రం ఆయన పోయిన మర్నాడు వచ్చింది.

ఇలాంటి సత్యసంధుణ్ణి పర్చూరు మళ్లీ చూడబోదు. అటువంటివాణ్ణి నా తొందర బలిగొంది. ఇంకెలా చెప్పినా దొంగమాటే.

నిన్న పిన్ని వితంతు పింఛను దరఖాస్తు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె గడప దాటకూడని దినాలివి. తలుపు తెరకు ఇవతల నిలబడి బిగ్గరగా చదివాను. భర్త పేరు దగ్గరికొచ్చాను.

“కీర్తిశేషులు షేక్ మస్తాన్ వలి...”

తెర వెనక నుంచి పిన్ని అడిగింది. “ఏ మస్తాన్?”

“ఖాసిం గారి కొడుకు పిన్నీ. మసీదు బజారు.”

 “అవును” అంది పిన్ని.

అడుగున ‘చదివి వినిపించితిని’ అని రాసి, నా సంతకం పెట్టాను.