మెట్ల కింద వైన్ సీసాలు

పెళ్లికి ముందు నేను నాసిక్ దగ్గర ఒక వైన్ తయారీ కేంద్రంలో, ల్యాబులో పనిచేశాను. ద్రాక్షరసం పులియడం మొదలైన దగ్గర్నుంచి సీసాకు బిరడా పడేదాకా పరీక్షలు చేయడమే నా పని. ఆ ఉద్యోగం వదిలి కొడవలూరు దగ్గర అత్తగారింటికి వస్తూ, నా చేతుల మీదుగా తయారైన ఎర్ర వైన్ సీసాలు ఒక పెట్టెడు తెచ్చుకున్నాను.

ఆ ఇంట్లో మందు ముట్టేవాళ్లు లేరు. మా అత్తగారు ఒక సీసా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మా ఆయనను అడిగింది.

"ఇది తాగేదానికా, అమ్మేదానికా?"

"దాచేదానికంటమ్మా."

"మందుని దాచుకునేది యాడన్నా ఉందా?"

ఉంది. చల్లగా, చీకటిగా, కదలకుండా ఉంచితే ఆ వైన్ ఏళ్ల తరబడి పక్వానికొస్తుంది. బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టాలి. అందుకోసం పెరట్లో పడి ఉన్న వేప పలకలు తెచ్చి, సీసా మెడ ఆనేంత గుంటలు కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, నేనే ఒక స్టాండు బిగించాను. మెట్ల కింద పెట్టాను. హైవే మీద ధాన్యం లారీ పోయినప్పుడల్లా సీసాలు సన్నగా గలగలమనేవి. వంట చేస్తున్నా నా చెవి అక్కడే ఉండేది. పాత ట్రాక్టర్ ట్యూబు ముక్కలు కోసి కాళ్ల కింద వేశాను. మెట్ల వెనక ఉన్నది పూజగది గోడ అని అత్త అనడంతో వడ్ల గదిలోకి మార్చాను. అక్కడ పడమటి గోడ సాయంత్రానికి పెనంలా కాలింది. మళ్లీ మెట్ల కిందికే, గోడకు ఎడంగా తెచ్చాను. గోడకు థర్మామీటరు తగిలించి, అటుగా వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని.

"బిడ్డకి జొరమొచ్చినట్టు చూస్తావే," అంది అత్త.

ఎండలు ముదిరాక సీసాల దగ్గర ఒక చిన్న కూలరు పెట్టి, నెల్లూరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో చేరాను. ఒకరోజు పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నానికీ రాలేదని తెలిసి, సెలవు పెట్టి ఇంటికొచ్చేశాను. అత్త మెట్ల కింద కూర్చుని ఉంది. స్టాండు చుట్టూ తడి గోనె సంచులు వేలాడుతున్నాయి. కాసిన్ని నీళ్లు దోసిలితో చల్లుతోంది.

"నువ్వొచ్చి చూసుకుని ఏడుస్తావని," అంది నా వైపు చూడకుండా.

అప్పటికే కొన్ని బిరడాలు పైకి ఉబ్బాయి. ఒకదాని అంచున వైన్ జిగురుగా కారింది. దాన్ని తీసి రుచి చూశాను. పండు రుచి పోయి, ఉడికిన పాకంలా ఉంది. వాష్ బేసిన్‌లో పోసేశాను. ఇంకొకటి తీశాను. అది బాగుంది. గ్లాసు పట్టుకుని, తాగకుండా నిలబడిపోయాను.

"ఇదీ చెడిందా?"

"లేదత్తా. ఇది చేసిన ఏడు అక్కడ వానలు ఆలస్యమయినాయి. కాయ చిన్నది, తోలు మందం. రోజూ పొద్దున్నే రసం పులిసే తొట్ల మధ్య తిరిగేదాన్ని."

అత్త గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నేరేడు పండు వాసనొస్తోందంది. గ్లాసు తిరిగి నా చేతికిచ్చి, "ఆ పని మళ్లీ చెయ్యబుద్దవతా ఉందా?" అని అడిగింది.

మిగిలినవాటిని దాచాలనుకోలేదు. ఆ నెలలోనే మా ఆయనా నేనూ ఒక్కొక్కటే తెరిచాం. ఆయన మొహం చిట్లించుకుంటూనే తాగేవారు. ఆ తర్వాత పాత సూపర్‌వైజరు గారికి ఫోన్ చేసి, ద్రాక్ష కోతల కాలంలో నాలుగు వారాలు పని దొరుకుతుందా అని అడిగాను. రమ్మన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి కొన్ని రోజులు అటూ ఇటూ తిరిగాను.

"పోయిరా," అంది అత్త, బియ్యం ఏరుతూ. "ఈడుంటే మాత్రం స్థిమితంగా కూర్చుంటావా ఏంది?"

చలికాలంలో నెల్లూరు స్టేషన్‌లో రైలెక్కాను. గూడూరు కూడా రాకముందే, ఇంట్లో వాళ్లు ఏం తిన్నారో కనుక్కుందామని ఫోన్ తీశాను.