మేకుకు వేలాడిన నా కార్డు

మా కాక పోయాడన్న కబురు వచ్చేటప్పటికి ఆయన వీఆర్ హెడ్‌సెట్, కళ్లకు తగిలించుకుని ఆటలాడే డబ్బా, నా బల్ల మీదే ఉంది. బతుకమ్మ పండుగ వెళ్లిన వారానికి, ఆట నడిచేలా చేసి తెచ్చిస్తానని తీసుకొచ్చాను. ఆయన పోయింది శివరాత్రికి రెండు రోజుల ముందు. "మీ కాక లేడు బిడ్డా" అని ఫోన్‌లో ఆయన భార్య, మా చిన్నమ్మ, ఒక్క మాటే అంది. ఫోన్ పెట్టేసి ఆ నల్ల డబ్బా కేసి చూశాను.

కాక అంటే చిన్నాన్న, అయితే సొంత చిన్నాన్న కాదు. గోదావరిఖనిలో మా నాన్నతో కలిసి బొగ్గుబాయి, అంటే గని, దిగినవాడు, మా వెనక వీధివాడు. ఆయాసం మొదలయ్యాక కింద పని మాన్పించి ల్యాంప్ రూమ్‌లో వేశారు. బొగ్గుబాయి చూడనివాళ్లకు అక్కడి పద్ధతి చెప్పాలి. దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. కాక ఏ లైటునైనా రెండుసార్లు వెలిగించి చూడనిదే చేతికిచ్చేవాడు కాదు. "జల్ది ఇయ్యి కాకా, డ్యూటీకి లేటయితది" అని వెనక వరుసవాళ్లు గోల పెడితే, "లోపల ఆరిపోతే నన్ను పిలుస్తవా?" అనేవాడు. షిఫ్టు అయిపోయినా ఒక్క బిళ్ళ మిగిలిందంటే ఇల్లు చేరడు. చిన్నమ్మ అన్నం మీద మూతపెట్టి కూర్చునేది.

నా పదో తరగతి పరీక్షల పొద్దున కూడా మా గుమ్మంలో నిలబడి, నా రెండు పెన్నులూ కాగితం మీద గీసి చూసి గాని నన్ను పంపలేదు. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు ఆ కాగితం దాచుకోవాల్సిందనిపిస్తుంది.

రిటైరయ్యాక ఆయనకు కంప్యూటర్ పిచ్చి పట్టించింది నేనే. కాలేజీలో కంప్యూటర్లు చెప్పే నాకు, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అంటే ప్రాణం. దొరికినవాళ్లందరికీ అదే ఎక్కిస్తుంటాను. "కొనే పని లేదు కాకా, చేసినోళ్లు అందరికి ఉత్తగనే ఇచ్చిన్రు" అంటే, "గట్ల గూడ ఉంటరా మనుషులు!" అని మురిసిపోయాడు.

కిందటేడు కరీంనగర్‌లో ఎవరో గేమింగ్ సెంటర్ మూసేస్తుంటే ఈ పాత హెడ్‌సెట్ తెప్పించుకున్నాడు. కొండ ఎక్కే ఆట ఒకటి ఫోన్‌లో చూశాడట. కాళ్లతో పని లేదు. కుర్చీలో కూర్చుని, చేతులతో రాయీ రాయీ పట్టుకుంటూ పైకి పోవచ్చు. అప్పటికి ఆయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మంచం నుంచి వాకిలి దాకా పోవాలంటే రెండుచోట్ల ఆగాలి. "నౌకరి మొత్తం కిందికే దిగిన బిడ్డా. ఒక్కపారి పైకెక్కి సూడాలె" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే, నేను లినక్స్ ఎక్కించిన ఆయన కంప్యూటర్‌కు తగిలించి చూశాం. గుట్ట కనబడింది. కాక చెయ్యి పైకెత్తి మొదటి రాయి పట్టుకున్నాడు. అంతలో అంతా నల్లబడిపోయింది. "లైటు పోయింది" అన్నాడు నెమ్మదిగా. ఎన్నిసార్లు పెట్టినా గుట్ట అడుగున ఒక్క నిమిషం, తర్వాత చీకటి.

"ఇంకోటి ఉంటదట గద, విండోస్. అదేస్తె నడుస్తదా?" అని అడిగాడు.

నడుస్తుంది. ఒక్క పూట పని. ఆ సంగతి నాకు తెలుసు. "దాని అక్కర లేదు కాకా, దీంట్లనే నడిపిస్త. జర టైమియ్యి" అన్నాను. అది ఆయన కోసం అన్న మాట కాదు. లినక్స్‌లో వీఆర్ నడిపించానని క్లాసులో పిల్లలకు, ఆన్‌లైన్ గ్రూపులో నాబోటి వాళ్లకు చెప్పుకోవాలని నా యావ.

కంప్యూటరూ హెడ్‌సెట్టూ నేనుండే ఊరికి తీసుకెళ్తానంటే కాక "బిళ్ళ?" అని చెయ్యి చాపాడు. నవ్వుతూ మెడలో ఉన్న కాలేజీ కార్డు తీసిచ్చాను. మంచానికి ఎదురుగా గోడ మేకుకు తగిలించాడు. నేను కాలేజీలో వేరే కార్డు చేయించుకున్నాను.

ఇక వారానికో కొత్త లినక్స్ వెర్షన్ ఎక్కించాను. హెడ్‌సెట్‌ను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే డ్రైవర్ ప్రోగ్రాములు మార్చాను. గ్రూపులో అడిగితే తలా ఒకటి చెప్పారు, అన్నీ చేశాను. ఆదివారం ఆదివారం కాక ఫోన్ చేసేవాడు. "ఎందాక వచ్చినవ్?" "దగ్గరికొచ్చిన కాకా." చలికాలంలో ఆయాసం ముదిరి దవాఖానలో వేశారు. చూడ్డానికి వెళితే, మాట్లాడలేక, చేతులు ఒకదాని తర్వాత ఒకటి పైకెత్తి, రాళ్లు పట్టుకుంటున్నట్టు చూపించి కళ్లెగరేశాడు. "ఈ వారం అయిపోతది" అన్నాను. ఆ వారమైనా విండోస్ వేసి ఉండొచ్చు. వెయ్యలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆయన పోయిన అయిదో నాడు నడిచింది. అన్నీ కొత్తవి వేస్తూ పోయిన నేను, ఆ రోజు మాత్రం కెర్నెల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయను, పాతదాన్నే పెట్టి మొదలుపెట్టాను. అది మొదటి రోజు నుంచీ ఆ మెషీన్‌లోనే, వాడకుండా పక్కన పెట్టిన పాత కాపీగా ఉంది. ఆన్ చేసేటప్పుడు కనిపించే జాబితాలో దాన్ని ఎంచుకుంటే చాలు. గుట్ట గంటసేపు ఆరిపోకుండా నిలబడింది. ఆపి, రెండోసారి కూడా పెట్టి చూశాను. మొదటి రాయి మీద చెయ్యి వేశాను గాని ఎక్కబుద్ధి కాలేదు.

పదో రోజు రెండూ తీసుకెళ్లి ఆయన మంచం పక్కన పెట్టాను. చిన్నమ్మ లేచి గోడ దగ్గరికి పోయింది.

"నీ కార్డు పంపిస్త అంటె వద్దన్నడు బిడ్డా. డబ్బా తెచ్చినంకనే నీ చేతికియ్యాలె అన్నడు. పొద్దుగాల లేస్తె ముందు గా మేకు దిక్కే సూసేటోడు. పిల్లగాడు ఇంక పైకి రాలేదే అనేటోడు."

కార్డు తీసి నా చేతిలో పెట్టింది. పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని పక్క ఇల్లు, ఎంత దులిపినా దుమ్ము ఆగదు. నాలుగు నెలల బొగ్గు దుమ్ముకు నల్లబారిన ఆ సున్నపు గోడ మీద, మేకు కింద, నా కార్డంత మేర తెల్లగా ఉంది.