టికెట్టుతో పాటు హంతకుడు

అబూబకర్‌కు ఉన్నది ఒకటే జబ్బు: సినిమాలో హత్య ఎవరు చేశారో ముందే చెప్పేస్తాడు. పంజగుట్టలో ఒక పాత థియేటరుకు ఆయన గేటుమనిషి. అక్కడ ప్రతి ఆదివారం పొద్దున ఒకే టికెట్టు మీద రెండు నలుపు తెలుపు క్రైమ్ సినిమాలు వేస్తారు. ప్రేక్షకుడు గంటల తరబడి కూర్చుని ఛేదించవలసిన రహస్యాన్ని అబూబకర్ టికెట్టు చించేలోపే ఉచితంగా అందజేసేవాడు.

“హాస్టలా, ఇల్లా?” అని కుశలప్రశ్న ఒకటి వేసి, జవాబు విని, వెంటనే శుభవార్త వినిపించేవాడు. “రెండో పిక్చర్ల ఖూనీ చేసింది మేనమామ. పోండ్రి, కూసోండ్రి.”

సామాజిక పరిశోధన చదువుతూ అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న రాగసుధ ఒకసారి రెండు చెవులూ మూసుకుని గేటు దాటబోయింది. అబూబకర్ ఆమె ఎదురుగా నిలబడి, మెడలో స్టెతస్కోపు వేసుకున్నట్టు అభినయించి చూపించాడు. హంతకుడు డాక్టరని ఆమెకు అర్థమైపోయింది.

“మీరు చెప్పకుండా ఉండలేరా అండీ?”

“ఉండలేను బేటీ. కడుపు ఉబ్బుతది.”

శిక్షణ పొందిన మనిషి కనుక రాగసుధ పోట్లాడలేదు, సర్వే చేసింది. పద్నాలుగు ప్రశ్నలు, తన వీధి హాస్టళ్లలోని అరవై రెండు మంది. అందరికీ అబూబకర్ హంతకుణ్ణి ముందే పరిచయం చేశాడని తేలింది. ఆ అరవై రెండు మందిలో ఒక్కరైనా సినిమా ఆఖరు చూసి ఎరగరు. హాస్టల్లో ఆదివారం చికెన్ ఒంటిగంటన్నరకు అయిపోతుంది, సినిమా రెండు గంటలకు గాని అయిపోదు. ఇంత స్వల్ప విషయానికి ఆమె పట్టికలో గడి లేదు.

రాగసుధ ఇచ్చిన నివేదిక చదివిన మేనేజరు హనుమత్ప్రసాద్ ఆమె ఎదుటే అబూబకర్‌ను పిలిపించాడు.

“వచ్చే వారం నుంచి నువ్వు రానక్కర్లేదయ్యా.”

అబూబకర్ టార్చిలైటు బల్ల మీద పెట్టాడు. వచ్చే వారం ఏ సినిమాలు వేస్తారో అడుగుదామని గుమ్మంలో నిలబడ్డ బోరబండ మేస్త్రీ మొగిలయ్య మాత్రం ఊరుకోలేదు.

“ఎందుకు సార్, తీసేస్తున్రు?”

“హంతకుడి పేరు ముందే చెప్పేస్తున్నాడు.”

“గీయననా? మూడేండ్ల సంది వస్తున్న, ఒక్కనాడు సుత సరిగ చెప్పలే. డాక్టర్ ఖూనీ చేసిన పిక్చరుకు కంపౌండర్ అని చెప్పిండు. ఆఖర్ల కుర్చీలకెల్లి ఎగిరి పడ్డ.”

రాగసుధ తన కాగితాలు తిరగేసింది. ఆమెకు చెప్పింది డాక్టరనే. ఆమె అబూబకర్ వైపు చూసింది. ఆయన దొంగతనం బయటపడ్డవాడిలా నేల చూశాడు.

“ఇండ్లకెల్లి వచ్చెటోళ్లు ఆఖరు దాంక కూసుంటరు బేటీ. అసలు పేరు చెప్తే మజా పోతది, అందుకే తప్పుపేరు చెప్త. మీరేమో చికెన్ కోసం ఉరుకుతరు. ఖూనీ ఎవరు చేసిన్రో తెల్వకుంటే వారమంతా చదువు ఎక్కుతదా? ఉరికేటప్పుడు చెప్తమంటే నిలబడరు. అందుకే ముందే చెప్త.”

రాగసుధ నివేదికను నాలుగు మడతలు పెట్టింది.

“నమూనా ఎంపికలో లోపం ఉందండీ.”

“అంటే ఏంటమ్మా?” అన్నాడు హనుమత్ప్రసాద్.

“తప్పు నాదండీ. ఆయన్ని ఉండనివ్వండి.”

మేనేజరు టార్చిలైటును మళ్లీ అబూబకర్ వైపు జరిపాడు.

మరుసటి ఆదివారం హంతకుడు వకీలని గేటు దగ్గర తెలుసుకుని రాగసుధ లోపల కూర్చుంది. ఒంటిగంట దాటగానే హాస్టలు జనం కుర్చీలు టపటపలాడిస్తూ పరుగు తీశారు. ఆమె కదలలేదు. టార్చి వెలుగు ఆమె వరుస దాకా వచ్చి ఆగింది.

“బేటీ, చికెన్?”

“ఇవాళ వద్దండీ. ఆఖరు దాకా చూస్తాను.”

అబూబకర్ గాభరా పడిపోయాడు. పొద్దున ఆమెకు అసలు పేరు చెప్పేశాడు. కాసేపు తల గోక్కుని, కిందికి వంగాడు.

“పొద్దుగాల నేను చెప్పింది గలత్. వకీల్ కాదు, వంటమనిషి.”

“నిజమేనా?”

ఆయన రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

“తోటమాలిని సుత జర చూస్కో.”

ఆ తరువాత రాగసుధ ముగ్గురినీ అనుమానిస్తూ కుర్చీ అంచున కూర్చుంది. చివరికి వకీలు నల్లకోటు లోంచి కత్తి తీసినప్పుడు, ఆ సంగతి పొద్దున్నే తెలిసిన ఏకైక ప్రేక్షకురాలు హాల్లో అందరికంటే గట్టిగా కేక పెట్టింది.